బొడ్డుతాడు రక్తం దాచాలా? ముందు "ఎవరి కోసం" అని అడగండి

ప్రశ్న: నాకిప్పుడు ఎనిమిదో నెల, రెండో కాన్పు. కార్డ్ బ్లడ్ బ్యాంకు వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. "బిడ్డ పుట్టినప్పుడు ఒక్కసారే దొరికే అవకాశం, 80 జబ్బులకు పనికొస్తుంది, ఈ వారంలో సంతకం పెడితే తగ్గింపు" అంటున్నారు. మావారు కట్టేద్దాం అంటారు, నాకు మనసొప్పడం లేదు. మొదటి బాబుకి దాచలేదు, తప్పు చేశామా అని ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. బొడ్డు కాస్త ఆగి కోస్తే బిడ్డకు మంచిదని మా డాక్టరుగారు అన్నారు. రెండూ కుదురుతాయా?

జవాబు:

ముందు నేనెవరో చెప్పేస్తాను. పదకొండేళ్లు ఒక కార్డ్ బ్లడ్ బ్యాంకు ల్యాబ్‌లో పనిచేశాను, ఆ తర్వాత బోన్ మ్యారో మార్పిడి చేసే ఆసుపత్రి ల్యాబ్‌లో. అంటే ఆ రక్తం సంచులు లోపలికి రావడమూ చూశాను, ఎప్పుడో ఒకటి బయటికి వెళ్లడమూ చూశాను. ఇప్పుడు ఏ బ్యాంకుతోనూ నాకు సంబంధం లేదు. మా అమ్మాయి కాన్పుకి దాచమని నేను చెప్పలేదు. నాతో పనిచేసిన ఒకావిడకి మాత్రం "తప్పకుండా దాచు, ఆలోచించకు" అని చెప్పాను. ఈ ఇద్దరికీ తేడా ఎక్కడుందో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

బిడ్డ పుట్టి బొడ్డు కోశాక తాడులోనూ మాయలోనూ కొంత రక్తం మిగిలిపోతుంది. మామూలుగా మాయతో పాటు అదీ పోతుంది. ఆ రక్తంలో, కొత్త రక్తాన్ని తయారుచేసే మూలకణాలుంటాయి. ఎముక మజ్జలో ఉండేవీ అవే. ఎవరికైనా మజ్జ పాడైతే, బలమైన మందులతో పాత మజ్జను ఖాళీ చేసి, ఈ కణాలను మామూలు రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవి ఎముకల్లోకి చేరుకుని, కుదురుకుని, మూడు నాలుగు వారాల్లో కొత్త రక్తం ఇవ్వడం మొదలుపెడతాయి. మాయలోంచి వచ్చినా ఇందులో మాయ ఏమీ లేదు, నిఖార్సైన వైద్యం. ఇప్పటికి ప్రపంచంలో ఇలాంటి మార్పిడులు 40 వేలకు పైగా జరిగాయి.

మొట్టమొదటిది 1988 అక్టోబరులో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో జరిగింది. ఐదేళ్ల పిల్లవాడు. ఫాంకోని ఎనీమియా అని పుట్టుకతో వచ్చే జబ్బు, మజ్జ మెల్లగా ఎండిపోతుంది. డాక్టర్ ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం ఆ మార్పిడి చేసింది. కణాలను అమెరికాలోని ఇండియానాలో హాల్ బ్రాక్స్‌మేయర్ ల్యాబ్‌లో మంచులా గడ్డకట్టించి దాచి, విమానంలో పారిస్‌కు తీసుకెళ్లారు. పిల్లవాడు బతికి పెద్దవాడయ్యాడు. బ్యాంకుల వాళ్లు ఈ కథ చెబుతారు గానీ, అందులో ముఖ్యమైన మాట ఒకటి మింగేస్తారు. ఆ రక్తం ఆ పిల్లవాడిది కాదు, అప్పుడే పుట్టిన అతని చెల్లెలిది.

మీకు అమ్ముతున్నది మాత్రం "మీ బిడ్డ రక్తం మీ బిడ్డకే" అన్న మాట.

ఇక ఆ 80 జబ్బుల జాబితా సంగతి. జాబితా అబద్ధం కాదు. మూలకణాల మార్పిడితో వైద్యం చేసే జబ్బులు అన్ని ఉన్నాయి. కానీ వాటిలో చాలావాటికి వేరేవాళ్ల కణాలు కావాలి, సొంతవి పనికిరావు. తలసీమియా తీసుకోండి. లోపం బిడ్డ జన్యువులోనే ఉంది కాబట్టి బొడ్డుతాడు రక్తంలోని ప్రతి కణంలోనూ అదే ఉంటుంది. ఆ రక్తాన్నే మళ్లీ ఎక్కిస్తే జబ్బును మళ్లీ ఎక్కించినట్టే. సికిల్ సెల్ జబ్బుకీ, పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలకీ ఇదే లెక్క.

బ్లడ్ క్యాన్సర్ విషయం ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. చిన్నపిల్లల్లో వచ్చే లుకేమియాలో, జబ్బుకు తొలి బీజమైన జన్యు మార్పు చాలాసార్లు పుట్టేనాటికే రక్తంలో ఉంటుందని, పుట్టినప్పుడు పరీక్షకోసం కాగితం మీద తీసి ఉంచిన రక్తపు చుక్కలను ఏళ్ల తర్వాత వెతికి తేల్చారు. కాబట్టి ఆ బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనూ ఆ బీజం ఉండొచ్చు. పైగా లుకేమియాలో మార్పిడి పనిచేసేది, బయటినుంచి వచ్చిన కణాలు మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను పరాయివిగా గుర్తుపట్టి వేటాడతాయి కాబట్టి. సొంత కణాలకు ఆ పని చేతకాదు, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా.

సొంత కణాలు పనికొచ్చే సందర్భాలు అసలు లేవా అంటే ఉన్నాయి. న్యూరోబ్లాస్టోమా లాంటి కొన్ని క్యాన్సర్ గడ్డలకు పెద్ద మోతాదు మందులిచ్చాక సొంత మూలకణాలు ఎక్కిస్తారు. కానీ వాటిని అప్పటికప్పుడు ఆ బిడ్డ నరంలోని రక్తం నుంచే తీయొచ్చు, రోజూ జరిగే పనే. పుట్టిననాడు దాచి ఉండాల్సిన అవసరం లేదు.

అందుకే ప్రసూతి వైద్యుల అమెరికా సంఘం 2019లో, అక్కడి పిల్లల వైద్యుల సంఘం అంతకు రెండేళ్ల ముందు, ఇన్సూరెన్స్ లాగా సొంత బిడ్డకోసం ప్రైవేటుగా దాచడాన్ని తాము సిఫారసు చేయడం లేదని రాశాయి. బిడ్డకో ఇంట్లోవాళ్లకో అది వాడే అవకాశం ఎంత అన్న అంచనాలు 400లో ఒకటి నుంచి 2 లక్షల్లో ఒకటి దాకా ఉన్నాయి. ఇంత తేడా ఎందుకంటే, ఎవరెవరిని లెక్కలోకి తీసుకుంటారు, జీవితకాలం మొత్తమా చిన్నతనమేనా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. బ్యాంకు వాళ్ల కాగితంలో ఏ అంకె ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ రెండో ఆవిడ సంగతి. వాళ్ల పెద్దపాపకి తలసీమియా. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించేవాళ్లు. అలాంటి ఇంట్లో రెండో బిడ్డ పుడుతుంటే కథే వేరు. తోబుట్టువుల మధ్య హెచ్ఎల్ఏ (ఒకరి కణాలు ఇంకొకరికి సరిపోతాయో లేదో తేల్చే గుర్తులు) పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. తలసీమియా లేకుండా పుట్టే అవకాశం నాలుగింట మూడు (జబ్బు లేకుండా క్యారియర్ మాత్రమే అయినా దాతగా పనికొస్తారు). ఈ రెండు జన్యువులూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి కాబట్టి రెంటినీ గుణిస్తే 16లో 3. చిన్న అంకెలాగే కనిపిస్తుంది, కానీ 2 లక్షల్లో ఒకటి ముందు అది కొండంత. ఆవిడ దాచింది. అది కలవలేదు. అయినా దాచమని చెప్పినందుకు నాకు బాధలేదు, ఆవిడకీ లేదు. అక్కడ ఎదురుగా జబ్బుతో ఒక పాప ఉంది, "ఎవరి కోసం" అన్నదానికి జవాబు ఉంది.

మీ ఇంట్లో అలాంటిదేమైనా ఉందా? మీ బాబుకి గానీ, మీ ఇద్దరికి గానీ మార్పిడితో నయమయ్యే రక్తసంబంధమైన జబ్బు ఉంటే, నేను పైన రాసిందంతా పక్కన పెట్టి రేపే హెమటాలజిస్టును కలవండి. ఆ పరిస్థితిలో ఉన్న కుటుంబాలకు కొన్ని ఆసుపత్రులు, పబ్లిక్ బ్యాంకులు ప్రత్యేకంగా తీసి పెడతాయి. అది కూడా డాక్టరు సలహాతో, పేరుపెట్టి ఒక మనిషికోసం. మీరు రాసినదాంట్లో జబ్బు మాటేమీ లేదు కాబట్టి, లేదనే అనుకుని ముందుకెళ్తున్నాను.

కుదరదని కాదు గానీ, బొడ్డు ఆగి కోయడమూ రక్తం దాచడమూ ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ఈ మాట బ్యాంకు వాళ్లు సూటిగా చెప్పరు, "రెండూ చేసుకోవచ్చండీ" అనేస్తారు.

లేబర్ రూమ్‌లో ఎప్పుడైనా దగ్గరగా చూసినవాళ్లకి తెలుస్తుంది. పుట్టిన నిమిషంలో తాడు వేలంత లావుగా, నీలంగా, మెలితిరిగి, పట్టుకుంటే నాడి కొట్టుకుంటూ ఉంటుంది. అలా వదిలేస్తే మెల్లగా కొట్టుకోవడం తగ్గి, తెల్లబడి, వడలిన కాడలాగా వేలాడుతుంది. మధ్యలో జరిగింది ఏమిటంటే, మాయలో ఉన్న రక్తం బిడ్డలోకి వెళ్లిపోయింది. నెలలు నిండిన బిడ్డకు మొదటి నిమిషంలోనే దాదాపు 80 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలకు 100 దాకా వెళ్తుంది. మూడు కిలోల పసికందు ఒంట్లో మొత్తం రక్తమే పావు లీటరు చిల్లర. అందులో ఇదెంత వాటానో చూడండి. ఆ రక్తంలోని ఐరన్ తర్వాత కొన్ని నెలలపాటు బిడ్డను రక్తహీనత నుంచి కాపాడుతుంది. ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కోయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకైతే ఇది ప్రాణం నిలబెట్టే పని.

బ్యాంకు సంచిలోకి వెళ్లేదీ ఆ రక్తమే. బిడ్డకు ఎంత వెళ్తే సంచికి అంత తగ్గుతుంది. మొదటి 80 మిల్లీలీటర్లు ఎవరికివ్వాలి అంటే, ఇదిగో ఇక్కడ, ఇప్పుడు ఏడుస్తున్న బిడ్డకే ఇవ్వాలి అని నేనంటాను. దాచాలని నిర్ణయించుకున్నా సరే, సంచి నింపడం కోసం బొడ్డు తొందరగా కోయొద్దని డాక్టరుగారికి ముందే చెప్పి కాగితంలో రాయించండి. మీకో బిడ్డకో ఇబ్బంది వస్తే రక్తం తీసే పని వదిలేయమని కూడా. ఈ మాట కాన్పు నొప్పుల మధ్య కాదు, ఇప్పుడే చెప్పాలి.

ఇక ల్యాబ్‌లో ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే డబ్బు కట్టేవాళ్లెవరూ చూడనిది ఇదే. కొరియర్ పెట్టె వస్తుంది. తెరిచి సంచిని తూకం వేస్తాం. చూడ్డానికి బాగానే నిండినట్టుంటుంది, కానీ రక్తం గడ్డకట్టకుండా సంచిలో ముందే 25, 30 మిల్లీలీటర్ల మందు ఉంటుంది. అది తీసేస్తే ఒక్కోసారి మిగిలేది 40. సంచిని వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ వంచితే అడుగున నల్లగా జీడిలాంటి గడ్డ కదులుతుంది. గడ్డలో చిక్కుకున్న కణాలు ఇక లెక్కలోకి రావు. ఆ తర్వాత కణాలు లెక్కపెడతాం, ఎన్ని బతికున్నాయో చూస్తాం, సూక్ష్మజీవులు చేరాయేమోనని కల్చర్ పెడతాం, చలికి గడ్డకట్టేటప్పుడు కణాలు పగలకుండా రక్షించే మందు కలిపి, మెల్లగా చల్లబరిచి, చివరికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ ట్యాంకులోకి దింపుతాం. ట్యాంకు మూత తీయగానే తెల్లటి పొగ నేలమీద పాకుతుంది. బ్రోషర్లలో ఉండేది ఆ పొగ ఫొటోనే. తూకం ఫొటో ఎవరూ వేయరు.

అసలు కీలకం తూకంలోనే ఉంది. మార్పిడి చేయించుకునే మనిషి బరువులో కిలోకి కనీసం 2.5 కోట్ల కణాలు కావాలన్నది ఒక వాడుక లెక్క. పది కిలోల పిల్లకి 25 కోట్లు, యాభై కిలోల మనిషికి 125 కోట్లు. కరిగించేటప్పుడు కొన్ని పోతాయి, అది వేరే. ఊరికే అందరికోసం నిల్వచేసే పబ్లిక్ బ్యాంకులు సాధారణంగా 90 కోట్ల కణాలకు పైగా ఉంటేనే తీసుకుంటాయి, కొన్ని 150 కోట్లకు తక్కువైతే వద్దంటాయి. వాళ్లకు వచ్చినవాటిలో ఎక్కువ భాగం దాచకుండా పక్కన పెట్టేస్తారు. ప్రైవేటు బ్యాంకుల్లో, మీరు డబ్బు కట్టారు కాబట్టి, అంతకంటే చాలా తక్కువున్నా దాచేస్తారు.

ఇక్కడే నా సొంత బాధ ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన చోట ఒకరోజు అలాంటి బక్క సంచి వస్తే, "ఇందులో కణాలు చాలా తక్కువ, తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెబుదాం, వద్దంటే డబ్బు వాపసిద్దాం" అన్నాను. "రిపోర్టులో అంకె రాస్తున్నాంగా, చాలు" అన్నారు పైవాళ్లు. రాశాం. నాలుగో పేజీలో, పదికి పక్కన పైన చిన్న అంకె వేసి. ఆ అంకె చూసి తక్కువని ఏ తండ్రికి తెలుస్తుంది? ఏటా రుసుం మాత్రం కట్టుకుంటూ వెళ్లారు. నేను ఆ పని మానేయడానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ఇదీ ఒకటి.

రక్తం ఎన్నేళ్లు నిలవుంటుందన్న భయం మాత్రం అనవసరం. సరిగ్గా దాచితే 23 ఏళ్ల తర్వాత కరిగించినా కణాలు చురుగ్గానే ఉన్నాయని బ్రాక్స్‌మేయర్ బృందమే 2011లో చూపించింది. నా భయం కణాల మీద కాదు, కంపెనీల మీద. 2019లో యూరప్‌లో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు కుప్పకూలింది. అక్కడ దాచిన నమూనాలను వేరే దేశంలోని ఇంకో బ్యాంకుకు తరలించారు. తమ బిడ్డ సంచి ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో కుటుంబాలు కాళ్లరిగేలా తిరిగి కనుక్కోవాల్సొచ్చింది.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ గురించి కూడా మీకు చెప్పే ఉంటారు. బిడ్డ గురించి ఏ తల్లికైనా లోపల ఉండే దిగులు మీద చెయ్యి పెట్టే మాట అది. ఈ పరిశోధన చాలావరకు అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో జరిగింది. ఆటిజం మీద వాళ్లు చేసిన రెండో దశ ట్రయల్ ఫలితం 2020లో వచ్చింది. పిల్లలు నలుగురిలో కలిసే తీరులో, మొత్తం మీద చూస్తే, ఉత్తుత్తి మందు ఎక్కించినవాళ్లకంటే చెప్పుకోదగ్గ మెరుగుదల కనబడలేదు. సెరిబ్రల్ పాల్సీలో కాస్త ఆశ ఉంది, కణాల మోతాదు తగినంత ఉన్న పిల్లల్లో కాళ్లూ చేతుల కదలిక కొంత మెరుగైన సూచనలున్నాయి. కొన్ని అధ్యయనాల్లో వాడింది వేరే దాతల రక్తమే. అది పరిశోధన దశ దాటి మామూలు వైద్యంగా స్థిరపడలేదు. రేపు స్థిరపడొచ్చు, నేను కాదనను. "రేపేమైనా కనిపెట్టొచ్చు" అనే ఆశకు డబ్బు కడుతున్నాం అని తెలిసి కడితే అది మీ ఇష్టం. కొన్నట్టు కాదు, పందెం కాసినట్టు. తాడు ముక్కను కూడా దాచే ప్యాకేజీ అంటగడితే అదింకా పెద్ద పందెం.

ఇంకో మార్పు గురించి బయట ఎవరూ మాట్లాడరు. ఒకప్పుడు సరిగ్గా కలిసే దాత దొరక్కపోతే బొడ్డుతాడు రక్తమే దిక్కు, ఎందుకంటే ఆరు హెచ్ఎల్ఏ గుర్తుల్లో నాలుగు కలిసినా అది సర్దుకుపోతుంది. ఇప్పుడు సగం మాత్రమే కలిసే దాత నుంచి, అంటే అమ్మ నుంచో నాన్న నుంచో కూడా మార్పిడి చేస్తున్నారు. మార్పిడి తర్వాత మూడో రోజునా నాలుగో రోజునా సైక్లోఫాస్ఫమైడ్ అనే పాత మందే ఇచ్చి, కొత్త కణాలు ఒంటిమీద తిరగబడకుండా చూస్తారు. దాంతో బొడ్డుతాడు రక్తం వాడకం పెద్ద కేంద్రాల్లో కూడా తగ్గింది. అంటే మీ పిల్లల్లో ఎవరికైనా అలాంటి అవసరం వస్తే, దాతలుగా మీరిద్దరూ ఇంట్లోనే ఉన్నారు.

మీకు దగ్గర్లో పబ్లిక్ బ్యాంకు ఉండి, మీరు కాన్పుకెళ్లే ఆసుపత్రి నుంచి తీసుకుంటే, దానం చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరికో ప్రాణం పోయొచ్చు. కాకపోతే పేరు ముందుగా నమోదు చేసుకోవాలి, అదే సంచి తర్వాత మీకే దొరుకుతుందన్న హామీ ఉండదు. అక్కడ కూడా బొడ్డు కోసే సమయం విషయంలో నేను చెప్పింది మారదు.

ఇంత చదివాక కూడా మీవారు కట్టేద్దామనే అంటే, గొడవ పడకండి. ఆ ఖర్చు మీకు భారం కాకపోతే, ఇందులో బిడ్డకు హాని ఏమీ లేదు, తాడు ఆగి కోసినంతవరకు. అప్పు చేసి మాత్రం వద్దు. బ్యాంకు వాళ్లని ఫోన్‌లో కాదు, కాగితం మీద అడగండి: కణాలు ఎన్నికి తగ్గితే మాకు ఫోన్ చేసి చెబుతారు, వద్దంటే డబ్బు వాపసిస్తారా? ఇప్పటిదాకా ఎన్ని సంచులు వైద్యానికి బయటికి ఇచ్చారు, వాటిలో ఎన్ని ఆ బిడ్డకే, ఎన్ని తోబుట్టువులకు, ఎన్ని ట్రయల్స్‌కు? మీ కంపెనీ మూతపడితే సంచి ఎవరిది, ఎవరు మోస్తారు? ఏఏబీబీ గానీ ఫ్యాక్ట్ గానీ (ఇలాంటి బ్యాంకుల నాణ్యతను తనిఖీ చేసే సంస్థలు) ఇచ్చిన గుర్తింపు ఇప్పుడు అమల్లో ఉందా? మా డాక్టరుకు మీరు కమిషన్ ఇస్తారా? ఈ చివరిది అడగడానికి మొహమాటం వేస్తుంది, అడగండి. సభ్యులందరి సంచుల్లోంచి ఎవరికి కలిసింది వాళ్లు వాడుకునే పథకమంటే, ఆ గుంపులో 90 కోట్ల కణాలు దాటినవి ఎన్నున్నాయో అడగండి, మొత్తం సంచులెన్నో కాదు. ఈ వారంలో తగ్గింపు సంగతి పట్టించుకోకండి. మీరు కాన్పుకి వెళ్లేదాకా అది ఉంటూనే ఉంటుంది, ఫోన్లూ ఉంటూనే ఉంటాయి.

చివరగా మీ పెద్దబాబు గురించి. వాడికి దాచలేదని మీరు చేసిన తప్పేమీ లేదమ్మా. దాచి ఉంటే ఆ సంచి ఈపాటికి ఏదో ట్యాంకులో, నేను పైన చెప్పిన నాలుగో పేజీ అంకెతో ఉండేది. వాడికి ఎప్పుడైనా అవసరం వస్తే ముందు వెతికేది ఆ సంచిని కాదు, ఇప్పుడు మీ కడుపులో ఉన్న తమ్ముణ్ణో చెల్లినో. హెచ్ఎల్ఏ కలిస్తే, ఆ బిడ్డ పెరిగే కొద్దీ ఇవ్వగలిగే మజ్జ ఎక్కువే అవుతుంది గానీ తగ్గదు. వచ్చేసారి చెకప్‌కి వెళ్లినప్పుడు బొడ్డు కనీసం ఒక నిమిషం ఆగి కోయమని మీ ఫైలులో రాయించుకుని రండి.